ఎద్దుకు పొదుగు పెట్టిన అట్ట

టేకులపల్లి నుంచి అడవిలోకి నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే ఒక తండాకు 1980లో వయోజన విద్యా కేంద్రం వచ్చింది. వచ్చిందంటే పెద్ద భవనమేమీ కాదు. తండా పెద్ద పూల్‌సింగ్ ఇంటి ముందు పందిరి, ఒక నల్లబల్ల, వాచకాల కట్ట, పక్క ఊరి నుంచి రోజూ మధ్యాహ్నం నడిచొచ్చే భారతమ్మ, అంతే. పదో తరగతి పాసైన ఇరవై ఏళ్ళ భారతమ్మను ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడానికి పెట్టారు.

సోమ్లి చదువుకోవడానికి రాలేదు. ముప్పై అయిదేళ్ళు దాటాయి, జొన్న చేనుంది, జత ఎద్దులున్నాయి, ఇంక చదివేం చేయాలి? కట్ట విప్పుతుంటే చూద్దామని వచ్చి నిలబడింది. పై పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి పందిరి గుంజ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందక్కా, ఏమైంది?" అంది భారతమ్మ.

"ఈ ఎద్దు చూడు పంతులమ్మా. దీనికి పొదుగున్నది. ఇది దున్నుతదా, పాలిస్తదా?"

భారతమ్మ వంగి చూసింది. నిజమే. అట్ట మీద రైతు పొలం దున్నుతున్నాడు. రెండు ఎద్దుల్లో ఒకదానికి నిండు పొదుగు. బొమ్మ వేసినాయన ఏ ఆవునో చూసి గీసి, కొమ్ములు కాస్త పెంచి వదిలేసినట్టుంది. పది రోజులుగా ఆ పుస్తకాలు భారతమ్మ ఇంట్లోనే ఉన్నాయి. ఒక్కసారీ ఆమె కంటపడలేదు.

"కాడేమో నడుం మీద ఏసిండు. గిట్ల కడితే మా ఎద్దులు ఆయన్నే తొక్కుతయ్. ఈ ఆడమనిషిని చూడు. పొద్దు నెత్తి మీదున్నది, ఈమె కందిలి ముట్టించుకొని చేన్ల ఎవరిని ఎతుకుతాంది?"

పందిరి కింద చేరిన ఆడవాళ్ళు నవ్వలేక కళ్ళు తుడుచుకుంటున్నారు. సోమ్లి మాత్రం నవ్వు ఆపేసింది.

"మాకు తెలివి నేర్పే పుస్తకమా ఇది? ఎద్దును చూడనోడు ఎద్దు బొమ్మేసి మాకే పంపిండు. ఎవరాయన?"

"ఎవరో పట్నపాయన. వెనక అట్ట మీద ఆఫీసు అడ్రసున్నది."

"అయితే తప్పని రాయి."

"నేను రాస్తే నా ఉత్తరమైతది. తప్పు పట్టింది నువ్వు. నువ్వే రాయాలె అక్కా."

ఆ మాట సోమ్లికి గుచ్చుకుంది. మరునాడు పలక పట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది.

కొడవలి తిప్పిన చేతిలో బలపం నిలిచేది కాదు. నొక్కితే విరిగేది, వదిలితే జారేది. మోచేతి పైదాకా ఉన్న గాజులు పలకకు రాసుకుని, రాసినదంతా చెరిపేసేవి. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, నేర్చుకునేది తెలుగు. మొగుడు లాల్‌సింగ్‌కు ఇదంతా తమాషాగా ఉండేది.

"ఆ ఎద్దుకు లేని పట్టింపు నీకెందుకే?"

"దానికి రాయొస్తే అదే రాస్తుండె," అని సోమ్లి పలక తుడిచి మళ్ళీ మొదలుపెట్టేది.

పది నెలలకు గడువు తీరి కేంద్రం మూసేశారు. అప్పటికి ఆమెకు అక్షరాలు, గుణింతాలు వచ్చాయి గానీ ఒత్తులు రాలేదు. ఒత్తు లేకపోతే 'ఎద్దు' లేదు, 'తప్పు' కూడా లేదు. మిగతా ఆడవాళ్ళు పలకలు అటక మీద పెట్టేశారు. సోమ్లి మాత్రం వారానికి రెండుసార్లు వాగు దాటి భారతమ్మ ఇంటికి నడిచింది. పత్తి ఏరే రోజుల్లో కూడా మానలేదు.

ఒకరోజు అక్కడే వాచకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. అట్ట మీది ఆడమనిషి రెండో చేతిలో చిన్న పుస్తకముంది. అందులో ఏం రాసుందో చదవాలని చాలాసేపు చూసింది.

"పంతులమ్మా, ఇవి అక్షరాలు కావు. పురుగులు."

అదీ తప్పుల లెక్కలో చేరింది. 1982లో, వానలకు ముందు, సోమ్లి ఆ ఆఫీసుకు తన మొదటి పోస్టుకార్డు రాసింది.

"అయ్యా, మీ ఎద్దుకు పొదుగు ఉంది. తీసేయండి. కాడి మెడ మీద వేయండి. పగలు కందిలి ఆర్పండి, గ్యాస్‌నూనె దండగ. ఆమె చేతిలో పుస్తకం ఉంది, అక్షరం లేదు. ఇట్లు, సోమ్లి."

జవాబు రాలేదు. పంటలయ్యాక ఇంకొకటి రాసింది. మరుసటి ఎండాకాలం మూడోది రాసింది. ఆ మూడో కార్డును లాల్‌సింగే అడిగి తీసుకుని టేకులపల్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాడు. "ఏస్తాంటె పోస్టుమాస్టర్ చదివి నవ్విండు," అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు.

1984లో కేంద్రం మళ్ళీ తెరిచారు. భారతమ్మ కొత్త వాచకాలు తెచ్చింది. పొదుగు పోయింది. కాడి మెడ మీదికి వచ్చింది. కందిలి లేదు. చేతిలోని పుస్తకంలో పురుగుల బదులు అక్షరాలున్నాయి. సోమ్లి ముఖం వెలిగింది. అంతలోనే చూపు కిందికి దిగింది. తడి దుక్కిలో నిలబడ్డ ఆ ఆడమనిషి కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులున్నాయి!

నాలుగో కార్డు పొట్టిగా వెళ్ళింది. "ఆ చెప్పులతో దుక్కిలో నాలుగడుగులు మీరు నడిచి చూడండి."

ఈసారి నెల తిరక్కుండానే బొమ్మ వేసినాయన దగ్గర్నుంచి కవరొచ్చింది. అందులో పెన్సిలుతో గీసిన బొమ్మ, చిన్న ఉత్తరం ఉన్నాయి. ఉత్తరం సోమ్లే కూడబలుక్కుని చదివింది. "అమ్మా, నేను పట్నంలో పుట్టి పెరిగాను. మీ కార్డులు మా ఆఫీసు గోడకు అంటించుకున్నాం. ఇది అచ్చుకు వెళ్ళని బొమ్మ. తప్పున్న చోట గీత పెట్టి పంపండి."

సోమ్లి ఆ కాగితాన్ని కొట్టంలోకి తీసుకెళ్ళింది. ఎద్దులను చూసి, బొమ్మను చూసి, మళ్ళీ ఎద్దులను చూసి, ఏడు చోట్ల గీతలు పెట్టి తిరిగి పంపింది.

ఆ అట్ట రావడానికి ఏడాదిన్నర పట్టింది. కట్ట వచ్చిందనగానే తండా ఆడవాళ్ళంతా పందిరి కిందికి చేరారు. ఈసారి సోమ్లి ఏమంటుందో వినాలని వాళ్ళ ఆత్రం. ఆమె పుస్తకాన్ని వెలుతురులోకి పట్టుకుని పై నుంచి కింది దాకా చూసింది. "బాగున్నది," అంది. ఆడవాళ్ళ ముఖాలు చిన్నబోయాయి.

"కార్డుంటె ఇయ్యి పంతులమ్మా."

"ఎందుకక్కా? తప్పు లేదంటివి గద?"

"తప్పున్ననాడు నాలుగు రాసిన. బాగున్ననాడు ఒకటన్న రాయొద్దా?"

సోమ్లి పుస్తకాన్నే ఒళ్ళో బల్లగా పెట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా ఒత్తులతో సహా రాసింది.

"అయ్యా, అట్ట బాగుంది. అందరం చూసినం. ఎడమ పక్క ఎద్దు బక్కగా ఉంది. మేత వేయండి."