జి నుంచి ఇ మైనర్‌కు దిగే దారి

తెలంగాణ కోసం సర్కారు ఉద్యోగులంతా సమ్మెకు దిగిన ఆ ఏడు, సమ్మె ఇంకా సాగాలని ఎల్బీనగర్ మొత్తంలో నాకంటే గట్టిగా కోరుకున్నవాడు లేడు. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, లేదనను. కానీ నా తొందర వేరు. సమ్మె ముగిసిన రోజే నా గిటార్ అటకెక్కాలని మా ఇంట్లో ఒప్పందం జరిగింది.

మా నాయిన సర్కారు బస్సు డ్రైవరు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టిన మనిషి. బస్సులన్నీ డిపోలో ఆగిపోయేసరికి పగటిపూట ఇంట్లో కూర్చోవడం ఆయనకు మొదటిసారి తటస్థపడింది. డిగ్రీ అయిపోయిన కొడుకు పొద్దంతా ఏం వెలగబెడుతున్నాడో అప్పుడు తెలిసింది.

నేను వెలగబెడుతున్నది ఒకటే పని. ఊరికి ఆ కొసన ఒక హోటల్లో ఆదివారం సాయంత్రాలు పాడే బ్యాండుకు గిటార్ వాయించేవాడు కావాలి. వాళ్లు ఒక అమెరికా కంట్రీ పాట ఇచ్చి, గొడవలు సద్దుమణిగాక పిలుస్తాం, వచ్చి దీన్ని ఉన్నదున్నట్టు వాయించు అన్నారు. రాసి ఇచ్చిందేమీ లేదు, చెవితోనే పట్టుకోవాలి. పాటంతా మూడు రోజుల్లో దొరికింది, ఒక్క చోట తప్ప. జి అనే కార్డ్ నుంచి ఇ మైనర్‌కు దిగేటప్పుడు నడుమ ఒక్క క్షణం ఇంకేదో మోగుతుంది. కార్డ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే మోగించడం. ఆ మూడు నాలుగేవో తెలియాలి కదా! సి పెట్టాను, కాదు. డి పెట్టాను, దగ్గరికి వచ్చింది కానీ పైపైనే తేలుతోంది. ఎ మైనర్ పెడితే ఎవరో పోయినట్టు అనిపించింది. నెట్ సెంటర్‌కు పోయి చూస్తే ముగ్గురు మూడు రకాలుగా రాసిపెట్టారు. మూడూ తప్పే.

కంట్రీ పాటంటే పల్లెపాటే కదా, దానికింత పరేషాన్ ఎందుకు, మీ పెద్దమ్మను పిలిస్తే నిమిషంలో ఎత్తుకుంటుంది అని అమ్మ సలహా. పైన కిరాయికి ఉండే గుంటూరు మాస్టారు మెట్ల మీద నన్నాపి, చాలా మర్యాదగా చెప్పారు. "బాబూ, మీరు ఆ ముక్క దగ్గరికి రాగానే నాకు పళ్లు పులిసిపోతున్నాయండీ."

నాలుగో రోజు నాయిన ఓపిక అయిపోయింది. తీగలు పాతవని నేను సాకు చెప్పబోతే, ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నదని ఒక్కటిచ్చి, గిటార్ వైపు వేలు చూపించాడు.

"సమ్మె అయిపోయేలోపల గా ముక్క దొరికితే నీ ఇష్టం. దొరకకపోతే అది అటక మీదికి, నువ్వు దిల్‌సుఖ్‌నగర్ల బ్యాంక్ కోచింగ్‌కు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, తినేది ఆయన కంచంలో.

ఆ రోజు నుంచి నా అంత ఉద్యమకారుడు లేడు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకు తినే వంటావార్పు చౌరస్తాలో ఎప్పుడు పెట్టినా, సందట్లో సడేమియాలా గరిటె నా చేతిలోనే ఉండేది. సాంబారు కలుపుతూ నినాదాలిచ్చాను. గొంతు పోయింది. నాయిన తోటి డ్రైవర్లు నా భుజం తట్టి, కొడుకంటే గిట్లుండాలె అని ఆయనతో అంటే, ఆయన నా వైపు అదోలా చూశాడు. మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయి, స్వామీ ఇంకో పదిహేను రోజులు లాగు అని పదకొండు ప్రదక్షిణలు చేశాను. చేసి వెనక్కి తిరిగితే అమ్మ కనిపించింది. సమ్మె గెలిచి తొందరగా అయిపోవాలని ఆమె మొక్కుకుంటోంది. ఒకే ఇంటి నుంచి రెండు అర్జీలు అందుకున్న ఆ స్వామి పాట్లు ఆయనకే తెలియాలి.

ఇంతలో ఇంట్లో ఇంకో చిత్రం మొదలైంది. పాట ఆ చోటికి వచ్చేసరికి నాయిన గడ్డం గీసుకునే చెయ్యి ఆగేది. తప్పు కార్డ్ మోగగానే ముఖం చిట్లించి మళ్లీ గీసుకునేవాడు. ఒకరోజు, ఏం పాటరా ఇది అని అడిగాడు. లారీ డ్రైవరు ఇంటికి పోతున్న పాట అన్నాను. ఏ రూటు అన్నాడు. ఏదో అమెరికా హైవే అన్నాను. అంత దూరానికి డ్రైవరు ఒక్కడేనా, ఇద్దరా అన్నాడు. పాటలో ఒక్కడే ఉన్నాడంటే ఆయనకు నచ్చలేదు, అది తప్పన్నాడు. ఆ సాయంత్రం నేను పిలవకుండానే వచ్చి, మళ్లీ పెట్టు అని పక్కన కూర్చున్నాడు.

హనుమంతుడు అమ్మ మాట సగం విన్నట్టుంది. తెలంగాణ రాలేదు, సమ్మె అయిపోయింది. నాయిన ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు. నేను కుర్చీ వేసుకుని గిటార్ అటక మీద పెట్టాను. బియ్యం బస్తా పక్కన దాన్ని అలా చూస్తే నిజంగానే ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్ల గాడిదను, కుర్చీ మీద నిలబడి ఏడ్చాను.

మధ్యాహ్నం నాయిన వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని ఆగాడు. దాన్ని దించు అన్నాడు. నేను కదలకపోతే తనే ఎంగిలి చెయ్యి పైకెత్తి, ఎడమ చేత్తో అటక మీద తడుముకోబోయాడు. నేనే దించాను.

"పొద్దుగాల నుంచి బండి నడుపుకుంట అదే విన్న. నువ్వు నాలుగో గేర్ల నుంచి సీదా రెండుకు పడుతున్నవ్. నడుమ మూడు ఏడ పోయింది?"

అర్థం కాలేదన్నాను. పైన టింగుటింగుమనేది వినకు, కింద గుమ్మనేది విను అన్నాడు. హారన్ విని బండి నడుపుతమా, ఇంజన్ విని నడుపుతం గానీ అని విసుక్కున్నాడు. పాట పెట్టి, చెవి స్పీకర్‌కు ఆనించి విన్నాను. నిజమే. అట్టడుగు స్వరం జి దగ్గర మొదలై మెట్టు మెట్టు దిగుతోంది. పైన నేను పెట్టిన డి సరైనదే. దాని కింద, లావు తీగ మీద, రెండో గడిలో ఇంకో స్వరం ఉంది. డి వాయించేటప్పుడు లావు తీగ జోలికి పోవద్దని దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో మాకు గిటార్ నేర్పిన సారు మూడు నెలలు మొత్తుకుని చెప్పాడు. బొటనవేలు గిటార్ మెడ వెనకాలే ఉండాలి, ముందుకు కనిపిస్తే స్కేలుతో కొట్టేవాడు. ఆయన మాట జవదాటకే నేను ఇన్నాళ్లూ అక్కడ ఇరుక్కుపోయాను.

దొరికింది కానీ పట్టుకోవడానికి వేలు లేదన్నాను. మూడు వేళ్లు డి మీదే ఉన్నాయి, చిటికెన వేలు అంత దూరం అందదు. నాయిన వంగి నా చెయ్యి చూశాడు.

"గా బొటనవేలు ఊకెనే కూసున్నది గదరా. దానికి సమ్మె ఇంక అయిపోలేదా?"

బొటనవేలు మెడ మీదుగా తెచ్చి లావు తీగ మీద నొక్కి మీటాను. అచ్చం అదే! నాయిన, పప్పు ఎండిపోయిన చేత్తోనే, ఇంకోసారి అన్నాడు. తొమ్మిదిసార్లు వాయించాను. పై నుంచి మాస్టారు దిగొచ్చి, "హమ్మయ్య, దొరికిందాండీ" అన్నారు.

పందెం పందెమే, కనిపెట్టింది నేను గానీ నువ్వు కాదు, సోమవారం కోచింగ్‌లో చేరాల్సిందే అన్నాడు నాయిన. అయితే బ్యాండువాళ్లు ఆదివారం రమ్మన్నారు కదా, పోయి వాయించి రా, వాళ్లు తీసుకుంటే అప్పుడు చూద్దాం అని, నా చొక్కా తనే ఇస్త్రీ చేశాడు.

ఆదివారం పోయాను. బ్యాండు నడిపేవాడు నాలుగు గోడల మధ్య కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకునే రకం. సరిగ్గా ఆ చోటికి రాగానే చెయ్యెత్తాడు, అందరూ ఆగిపోయారు. అక్కడేదో చేస్తున్నావు, అంత కష్టమెందుకు, మామూలు డి కొట్టెయ్ అన్నాడు. పాటలో అట్లనే ఉందన్నాను.

"తినేటోళ్లల్ల ఎవనికి వినపడతది బ్రో?"

"మా నాయినకు వినపడతది" అన్నాను.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండి, మళ్లీ బొటనవేలితోనే వాయించాను. వాళ్లు నా తరవాత వచ్చినవాణ్ణి తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి నాయిన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తీసుకున్నారా లేదా అని అడగలేదు.

"గా జాగల ఏమన్నరు?"

దారంతా వాళ్లను తిట్టుకుంటూ వచ్చిన మాటలన్నీ పక్కన పెట్టాను. "అక్కడికి రాంగనే అందరు ఆగిపోయిండ్రు నాయినా" అన్నాను. ఆయన చాలాసేపు తల ఊపాడు. తీసుకోలేదని తరవాత చెబితే, పాగల్‌గాళ్లు అని లోపలికి పోయాడు.

సోమవారం కోచింగ్‌కు ఆయన బస్సులోనే పోయాను. అప్పటికే డిపో మొత్తానికి తెలిసిపోయింది. బ్యాండువాళ్లంతా వాయించడం ఆపేసి మరీ విన్నారట. టికెట్ ఇస్తూ కండక్టర్, మీ నాయిన చెవి మామూలు చెవి కాదు తమ్మీ అన్నాడు. నిజమే అన్నా, మామూలు చెవి కాదు అన్నాను.