కంటికి కనపడని సోకు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో నా ముఖానికి మంచి జరగదు. ముఖంతో పాటు నా పెళ్లి, మా నాన్న పరువు, మా సంఘం వాళ్ల మధ్యాహ్న భోజనాలు కూడా ప్రమాదంలో పడతాయి. అన్నిటికీ కారణం నేనే. కాబట్టి మీకు జాలి వేస్తే నా మీద ఖర్చు చేయకండి, మా సంఘం వాళ్ల మీద చేయండి. పాపం, వాళ్లు ఆకలితో ఉన్నారు.

మాది చండ్రుగొండ దగ్గర అడవిని ఆనుకున్న ఊరు. నాన్న ఎండాకాలంలో తునికాకు కల్లం నడుపుతాడు. అంటే, అడవిలో జనం కోసుకొచ్చిన బీడీ ఆకు కట్టలు తీసుకుని ఆరబెట్టించే పని. ఏ కాలమైనా సరే ఆయన మా ప్రార్థనా మందిరంలో సంఘ పెద్ద. మా సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. బొట్టు పెట్టుకోరు. కొంచెం పౌడరు రాసుకుని వెళితే పక్కన కూర్చున్నావిడ పనిగట్టుకుని తుమ్ముతుంది. పెళ్లికూతురికైనా ఇదే నియమం. ఒంటి మీద తెల్ల చీర, చేతిలో బైబిలు, ముఖం మీద ముఖం. అంతే.

నా ముఖం మీదేమో కళ్ల కింద రెండు నల్లటి గుంటలు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. బడిలో పాఠం చెబుతుంటే పిల్లలు "ఒంట్లో బాగలేదా టీచర్?" అని రోజూ అడిగేవాళ్లు. బాగున్నానని చెబితే నమ్మేవాళ్లు కాదు. బూర్గంపాడు యోహానుతో సంబంధం ఖాయమై, నిశ్చితార్థం ఫోటోలు వచ్చినప్పుడు, మా పిన్ని వాటిని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "పెండ్లిపిల్ల నిద్రపోయి ఎన్నేండ్లయిందో!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే నా ఫోనులో ఆ సూది కనిపించింది. కళ్ల కింద గుంటలో ఏదో మందు నింపుతారట, గుంట పూడుతుందట. ఇక నా తెలివి చూడండి. కమ్మలు పెట్టుకుంటే కనిపిస్తాయి. లిప్‌స్టిక్ వేసుకుంటే కనిపిస్తుంది. చర్మం లోపల ఉన్న సోకు ఎవరికి కనిపిస్తుంది? దేవుడికి కనిపిస్తుందనుకోండి, కానీ ఆయన మా పిన్నికి చెప్పడు కదా! సంఘం నియమం చెడకుండా సోకు చేసుకునే దారి లోకంలో అందరికంటే ముందు నేనే కనిపెట్టానని పొంగిపోయాను.

చీర కొనాలని చెప్పి ఖమ్మం వెళ్లాను. కింద చెప్పుల దుకాణం, మేడ మీద క్లినిక్. తెల్లకోటు వేసుకున్నావిడను "మీరు డాక్టరేనా?" అని అడగాలనిపించింది. కానీ ఏసీ చల్లగా ఉంది, గోడలు తళతళలాడుతున్నాయి, అడగలేదు.

"నొప్పి పుడతదా మేడమ్?"

"చీమ కుట్టినట్టుంటది."

"వాపు?"

"ఒకటి రెండు రోజులుంటది. మళ్ల చూస్కోండి, హీరోయినే!"

ఆ చీమ ఏ అడవిలో పెరిగిందో గానీ నాకు చుక్కలు కనిపించాయి. అయినా బస్సు తల్లాడ చేరేదాకా ఫోనులో నన్ను నేను చూసుకుని మురిసిపోతూనే ఉన్నాను. గుంటలు లేవు! నిజంగా లేవు!

తెల్లారి లేచేసరికి గుంటల చోట గుట్టలు ఉన్నాయి. నీలంగా, నున్నగా, ఒక్కో కంటి కింద ఒక్కో నేరేడు పండు దాచినట్టు. ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. ఆ సగం కంటితోనే అమ్మ ఎదురుగా నిలబడి ఉండడం చూశాను.

"ఏందే గది?"

"తేనెటీగ కుట్టిందమ్మా."

"రెండు కండ్ల కింద సమానంగ కొలిచి కుట్టిందా?"

"రెండు ఈగలమ్మా."

వాపు తగ్గలేదు. పొద్దున ఎక్కువ, సాయంత్రానికి కొంచెం తక్కువ, మళ్లీ పొద్దున ఎక్కువ. క్లినిక్‌కి ఫోన్ చేస్తే మొదట "మసాజ్ చేయండి" అన్నారు. చేశాను. నేరేడు పండ్లు పక్కకు జరిగాయి. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తడమే మానేశారు. పెళ్లి దగ్గరపడుతోంది. కన్ను మూసుకుపోతోంది.

అప్పుడు పాస్టరుగారి భార్య వచ్చింది. ఆవిడను మేమంతా అమ్మగారు అంటాం.

"పొద్దున లేస్తే ఎక్కువ ఉబ్బుతున్నదా బిడ్డా?"

"అవ్ అమ్మగారు."

"సాయంత్రానికి తగ్గుతున్నదా?"

"అవ్ అమ్మగారు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అన్నకు గూడ గిట్లనే అయింది. ఇది కిడ్నీ జబ్బు."

కాదని చెప్పవచ్చు. కాదంటే మరేమిటని అడుగుతుంది. నోరు మూసుకున్నాను. మూసుకున్న ఆ నోరే నా కొంప ముంచింది.

చూస్తుండగానే సంఘమంతా ఉపవాస ప్రార్థనకు దిగింది. ఆలోచించండి, అది తునికాకు కోసే కాలం. తెల్లవారకముందే అడవికి పోయి, ఎండలో మాడి, ఆకు మోసుకొచ్చిన మనుషులు అన్నం మానేసి నా కిడ్నీల కోసం మోకరించారు. నేను రోగిని కాబట్టి నాకు మాత్రం గంజి పోశారు, అందులోకి మామిడికాయ ముక్క కూడా వేశారు. వాళ్ల మధ్య కూర్చుని నేను గంజి తాగుతుంటే, ఒక్కో గుటక గొంతులో ఆగి నన్ను తిట్టి మరీ దిగింది.

అది కూడా ఓర్చుకున్నాను. నాన్న మాట ఓర్చుకోలేకపోయాను. ప్రార్థన అయ్యాక ఆయన పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, "నాకు రెండున్నయ్ గదా అయ్యగారూ, ఒకటి బిడ్డకు పెట్టమంట" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాలి కదా? చెప్పలేదు. ఇంత జరిగాక ఎలా చెప్పేది! అందరి భోజనాలూ తిరిగివ్వాల్సి వస్తుంది.

మా దగ్గర పెళ్లికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్లకు పెళ్లి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. ఎవరూ ఎప్పుడూ లేవరు. రెండు ఆదివారాలు ఎవరూ లేవలేదు కూడా. మూడో ఆదివారం యోహాను వాళ్లమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది. పాస్టరుగారు ప్రకటన చదివి, అలవాటు ప్రకారం పుస్తకం మూయబోతుంటే ఆవిడ లేచింది.

"అభ్యంతరమా అమ్మా?" ఆయన పుస్తకం మళ్లీ తెరిచాడు.

"అభ్యంతరం కాదయ్యగారూ. పిల్ల మంచిదే. కిడ్నీల ముచ్చట బూర్గంపాడు దాక వచ్చింది. పరీక్ష చేపిచ్చినంకనే పెండ్లి."

నాన్న తల దించుకున్నాడు. ఆయన తల దించడం నేను అంతకుముందు ప్రార్థనలో తప్ప చూడలేదు. మగవాళ్ల వైపు నుంచి యోహాను లేచి, "రక్తం నేనే తీస్త" అన్నాడు. అతను ల్యాబ్ టెక్నీషియన్ లెండి. కాబోయే మొగుడు నన్ను మొదటిసారి ముట్టుకున్నది సూదితో.

ఫలితం చెప్పడానికి అతనే మా ఇంటికి వచ్చాడు. వసారాలో ఇద్దరమే ఉన్నాం.

"మీ కిడ్నీలు నా కిడ్నీల కంటె మంచిగున్నయ్."

నేను భోరుమన్నాను.

"మంచిగుంటె ఏడుస్తరేంది? మరి గీ వాపేంది?"

అంతా చెప్పేశాను. చీర, చెప్పుల దుకాణం, చీమ, రెండు ఈగలు, గంజిలో మామిడికాయ ముక్కతో సహా. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. చేతివేళ్లు నా ముఖం ముందు ఎత్తి, "ఇవి ఎన్నో చెప్పండి. కండ్లు మంచిగ కనపడుతున్నయా?" అని అడిగాడు. పెళ్లి సంగతి నేను ఆలోచిస్తున్నాను, నా చూపు సంగతి అతను ఆలోచిస్తున్నాడు. నాకు మళ్లీ ఏడుపు వచ్చింది.

పెద్ద దవాఖానాలో పరీక్ష ఉందని నాన్నకు చెప్పి నన్ను ఖమ్మంలో ఒక చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరమ్మ నన్ను చూడకముందే తిట్టడం మొదలుపెట్టింది, చూశాక ఇంకా తిట్టింది.

"ఆ మందు రక్తనాళంలకు పోయుంటే కన్నే పోయేది. నీ పెండ్లి ఫోటోలు ఇంకొకరు చూసి నీకు చెప్పాల్సొచ్చేది, తెలుసా?"

మందును కరిగించే సూది వేసింది. వాపు ముందు ఇంకొంచెం పెరిగి నా ప్రాణం తీసి, తర్వాత దిగింది. దిగీ దిగీ ఎక్కడ ఆగిందంటారా? నా పాత గుంటల్లో. అదే నలుపు, అదే లోతు. నా అనుమానం, కాస్త ఎక్కువ లోతే.

కిడ్నీలు బాగున్నాయన్న కాగితం యోహాను పాస్టరుగారి చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం ప్రకటన మళ్లీ చదివారు. ఎవరూ లేవలేదు. పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, సంఘం వైపు తిప్పి, నా కళ్ల కిందకి వేలు చూపించి ఎలుగెత్తారు: "ఈ బిడ్డ ముఖం మునుపు ఎట్లుండెనో, దేవుడు గట్లనే తిరిగిచ్చిండు!"

"హల్లెలూయా!" మందిరం దద్దరిల్లింది. నా నల్లటి గుంటలకు అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా పిన్ని. సాక్ష్యం చెప్పమంటే, "నా ముఖం నాకు దక్కింది, స్తోత్రం" అన్నాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మగవాళ్ల వైపు యోహానుకు పెద్ద దగ్గు వచ్చింది.

నాన్న సంఘానికంతా భోజనాలు పెట్టాడు. వాళ్లు కడుపునిండా తింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు కడుక్కునే చోట యోహాను వాళ్లమ్మ నా కొంగు పట్టుకుని పక్కకు లాగింది.

"బిడ్డా, ఒక మాటడుగుత. ఎవరికి చెప్పొద్దు."

కొడుకు చెప్పేశాడు! అయిపోయింది! ఆవిడ అటూ ఇటూ చూసి, తన కళ్ల కింద వేలు పెట్టుకుంది.

"నాకు గూడ గుంటలే. పెండ్లి ఫోటోలల్ల మంచిగ పడాలె గదా. ఖమ్మంల ఏందో సూదేస్తరంట. లోపల్నే ఉంటదంట, సంఘంల ఎవరికి కనపడదంట. నీకేమన్న ఎరికేనా?"

ఎంగిలి చేతితోనే మనసులో ప్రమాణం చేశాను. నా కళ్ల కిందకి కన్నీళ్లను తప్ప ఇక దేన్నీ దిగనివ్వను. మా వంశంలో గానీ, మెట్టిన వంశంలో గానీ ఎవరినీ ఆ చెప్పుల దుకాణం మేడ ఎక్కనివ్వను. తర్వాత ఆవిడ చెవిలో చెప్పాను.

"వద్దత్తమ్మా. ఆడ రెండు తేనెటీగలుంటయ్. కొలిచి కుడతయ్."