ఆవగింజంత నల్లమందు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. పత్తి తీసే రోజుల్లో ఆళ్లగడ్డలోని మా ఇంట్లో చంటిబిడ్డలకు పొద్దున్నే నల్లమందు పెట్టేవారు. ఆవగింజంత తీసి చనుబాలలో అరగదీసి నాలుకకు రాస్తే బిడ్డ మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు. మేమూ అట్లాగే పెరిగాం.

అక్క కొడుక్కి నాలుగో నెల. ఆ పొద్దున అవ్వ వాడికి మందు రాసి చేనికి వెళ్లడం చూశాను. నేను గాదె వెనక దాక్కుని నవల చదువుతున్నాను. పుస్తకం పట్టిన ఆడపిల్లంటే నాయనకు మంట.

కూలీలకు సంగటి కెలుకుతున్న అక్క లోపలికి వచ్చింది. "బిడ్డకు మందు పెట్టినారా ఎవరన్నా?"

పలికితే పుస్తకం బయటపడుతుంది. పలకలేదు.

"ఈ ఇంట్లో ఉండేది ఒక చెల్లెలు. దానికి నోరు పెట్టేది మర్సిపోయినాడు దేవుడు" అని గొణుగుతూ అక్క మళ్లీ మందు తీసింది. అరగదీసే చప్పుడు విన్నాను. ఇంకాసేపు నిద్రపోతాడు, అంతే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం పాలకు లేపితే లేవలేదు. పెదవులు నల్లబడ్డాయి. నాయన, అక్క, నేను నంద్యాల బస్సెక్కాం. అక్క రొమ్ము అందిస్తే పాలు వాడి చెంప మీదుగా కారిపోయాయి. శిరివెళ్ల దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను పదిదాకా లెక్కపెట్టగలిగాను.

డాక్టరు రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప గుండుసూది మొనంత ఉంది.

"ఎంత పెట్టినారమ్మా?"

"ఆవగింజంతే సార్. దినామూ పెట్టేదే."

"రెండుసార్లు" అన్నాను. "అవ్వ ముందే పెట్టింది. నేను సూసినా."

అక్క నా వైపు తిరిగింది. "సూసినావా? నేనడిగినప్పుడు యాడుంటివే?"

డాక్టరు బిడ్డ ముక్కూ నోరూ కలిపి తన నోటితో మూసి ఊపిరి ఊదాడు. మధ్యమధ్యలో నాయనకు చెప్పాడు: ఆ మందు మెదడును నిద్రపుచ్చుతుందట. ఊపిరి తీయమని ఒంటికి చెప్పే చోటు కూడా మెదడులోనే ఉందట. అదీ నిద్రపోతే గుండె కొట్టుకుంటున్నా ఛాతీ కదలదట.

సాయంత్రం దాకా ఊదాడు. వాడు ఏడవకుండానే పోయాడు.

ఆ తర్వాత అక్క నన్ను నోరులేనిదని ఎన్నడూ ఎగతాళి చేయలేదు.