బాన్సువాడలో మెత్తబడ్డ గంజి రేకులు

మా బడిలో మధ్యాహ్న భోజనానికి వార్చిన గంజంతా మోరీ పాలవుతుంటే మనసొప్పేది కాదు. పిల్లలూ నేనూ కలిసి దాన్ని వెనిగర్, గ్లిజరిన్‌తో ఉడికించి, పళ్లాల్లో పోసి ఆరబెట్టి, ప్లాస్టిక్‌లాంటి పలుచని రేకులు చేశాం. వాటితో విత్తనాల పొట్లాలు మడవగలిగితే తాను వాడతానని నస్రుల్లాబాద్‌లో ఓ నర్సరీ యజమాని మాటిచ్చారు. మడత పడకపోతే మళ్లీ పాలిథిన్ కవర్లే. ఆ మాట పట్టుకుని కామారెడ్డిలో పొద్దున ఏడింటి బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్. తొమ్మిదికల్లా బాన్సువాడలో దిగి, ఒక రేకు మడిచి చూశాను. అప్పడంలా విరిగింది. ఇంకొకటీ అంతే. మిగిలిన రేకులు ఒళ్లో పెట్టుకుని బస్టాండులోనే కూర్చున్నాను.

"ఏమైంది మేడమ్, గట్ల కూసున్నరు?" అన్నాడు అక్కడే బేరం కోసం ఆగిన ఆటో డ్రైవర్ రాజన్న. సంగతి చెప్పాను.

"మా అమ్మ బీడీలు చేస్తది. మడుసుడంటే ఆమెనే అడగాలె. ఇల్లు దారిలనే ఉంది, ఎక్కుండ్రి."

నస్రుల్లాబాద్‌కు పోనురాను మూడు వందల కిరాయి. ఇంటి దగ్గర ఆగినందుకు అదనంగా ఏమీ అడగలేదు.

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న రాజన్న తల్లి సాయవ్వ విరిగిన ముక్కను వెలుగుకు పట్టి చూసింది. "ఎండల పెట్టినవా బిడ్డా?"

"రెండు రోజులు పెట్టానవ్వా. బాగా ఎండితే గట్టిపడుతుందని."

"గట్టిగ యాడైతది? పెళుసైతది. మా ఆకు గూడ గంతే. తడిబట్టల సుట్టి పెడ్తెనే సెప్పినట్టు ఇంటది."

నేను సైన్సు టీచర్నని అప్పుడు చెప్పుకోలేదు.

తన ఆకుల బట్టనే తడిపి, గట్టిగా పిండి, మిగిలిన రేకులు అందులో చుట్టింది. రెండు గంటలు ఆగాలంది. "ఫికర్ జెయ్యకు, తిను" అంటూ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. మధ్యాహ్నం విప్పితే రేకులు మెత్తగా వంగాయి. బీడీ మూతి మూసినట్టే గోటితో అంచులు నొక్కి ఆరు పొట్లాలు మడిచింది. ఒక్కటీ పగల్లేదు.

నర్సరీ యజమాని పాలకూర విత్తనాలు పోసి, ఊపి, మూతి విప్పి మళ్లీ మూశారు. "ఇరగలే. ఈ వానకాలం ఇగ గీంట్లనే ఇస్త, పంపుండ్రి" అన్నారు. అక్కడి నుంచే బడికి ఫోన్ చేశాను. పిల్లల కేకలకు చెవి గింగుర్లెత్తింది.

తిరుగుదారిలో దిగి దండం పెడితే సాయవ్వ నవ్వి, ఆ బట్ట నాకే ఇచ్చేసింది. ముక్కూ మొహం తెలియని నాకు అన్నం పెట్టి, తన పనితనం పంచిన ఆ ఇంటికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. మీరూ ఇలాంటి రేకులు పట్టుకెళ్తుంటే, పిండిన తడిబట్ట వెంట ఉంచుకోండి; రెండు గంటలు చాలు, రోజుల తరబడి చుట్టి ఉంచితే మాత్రం బూజు పడుతుంది. మా లాబ్ రికార్డులో 'విధానం' కింద నేను రాసిందంతా పిల్లలు కొట్టేసి, 'సాయవ్వ చెప్పినట్టు' అని రాసుకున్నారు.