పై వాటాలోని ఇంగ్లీషు నవ్వు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, భీమిలిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోను మీద వేలు పైకీ కిందకీ జరుపుతుంటే, పాతకాలపు బ్రిటిష్ హాస్యకథ ముక్క ఒకటి దానంతటదే మొదలైంది. టై కట్టుకున్న ఒక పెద్దమనిషి మరో పెద్దమనిషికి ఎంతో మర్యాదగా టీ పోసి ఇస్తున్నాడు. ఆ టీలో విషం ఉందని మనకు తెలుసు, తాగబోయేవాడికి తెలియదు. కనపడని జనం గొల్లున నవ్వారు. లోపల బియ్యం ఏరుకుంటున్న మా అప్ప కుడి చెవి ఇటు తిప్పి, "ఆపీయే దాన్ని" అంది. ఆపేశాను. అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడకు ఎడమ చెవి వినపడదు. ఎందుకు వినపడదో చెప్పాలంటే ఆ నవ్వుల సంగతీ చెప్పాలి.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు విశాఖలో ఒక బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పా బావా సీతమ్మధారలో అద్దెకుంటే అక్కడే చేరాను. బావది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. వీధిలో వాళ్లకు ఆయన బంగారం లాంటి మనిషి. ఎవరికి రక్తం కావాలన్నా అందరికంటే ముందు చెయ్యి చాపేవాడు. ఆ చెయ్యి ఇంట్లో ఏం చేసేదో నేను వెళ్లిన మూడో రోజునే చూశాను. పొద్దున్న షిఫ్టుకు బయల్దేరుతూ కేరియరు అందుకున్నాడు. పక్క క్లిప్పు సరిగా పడలేదు. నిండు కేరియరుతోనే అప్ప ఎడమ చెవి మీద కొట్టాడు. నాలుగు గిన్నెల బరువు. పప్పుచారు భుజం మీంచి కారుతోంది, దాని వెనకాలే నెత్తురు. ఆయన బూట్లేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయంత్రం కేరియరు సొట్ట తీయించి మరీ తెచ్చాడు. చెవికి మాత్రం ఏ సొట్టా తీయలేమన్నాడు డాక్టరు. ఆయనతో అప్ప "మెట్ల మీంచి జారి పడిపోనాను" అని చెప్పింది. మాది కింది వాటా. మేం ఎక్కి దిగే మెట్లంటూ ఏవీ లేవు.

తర్వాత రెండేళ్లలో బెల్టు చూశాను, స్టూలు కాలు చూశాను, ఒకసారి వేడి అట్లపెనం చూశాను. అడ్డం వెళ్లినందుకు నాకూ ఒక పన్ను కదిలింది. "నీ పాటాలు బడిలో సెప్పుకో" అన్నాడు బావ, అది కూడా మెల్లిగానే. వెళ్లిపోదాం పద అని నేనంటే అప్ప "ఎక్కడికే?" అనేది. టీచరు ఉద్యోగం ఉండి కూడా నేను ఒక గది అద్దెకు వెతికిన పాపాన పోలేదు.

పై వాటాలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఓడల మీద రేడియో ఆఫీసరుగా ముప్పై ఏళ్లు తిరిగి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ట్రంకు పెట్టె నిండా వీడియో కేసెట్లుండేవి. ఇంగ్లండు రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా అక్కడి స్నేహితుడెవరో టీవీలోంచి ఎక్కించి ఇచ్చేవాడట. అన్నీ అరగంట హాస్యకథలే. వారం వారం సాగే సీరియల్ కాదు, ఈ వారం కథకూ వచ్చే వారం కథకూ సంబంధం ఉండదు. నటులు మాత్రం వాళ్లే. ఒక వారం పాదిరీ అయినవాడు తర్వాతి వారం దొంగ అవుతాడు, ఆపై వారం శవం అవుతాడు. "వేటికవేనమ్మా. ఎక్కడ మొదలెట్టినా పర్లేదండి" అన్నాడాయన, మొదటిసారి మమ్మల్ని పైకి పిలిచి బిస్కెట్లు పెట్టిన రోజున.

శనివారాలు నాకు ఒంటిపూట బడి. బావకు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా రెండో షిఫ్టు పడిన శనివారం ఇద్దరం పైకి వెళ్లేవాళ్లం. అప్పకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చుని ఆ మాటలన్నీ తెలుగులో చెప్పేదాన్ని, అదీ కుడి చెవి వైపు కూర్చుని. "అయ్యా, మీ మరణానికి నా హృదయపూర్వక విచారం" అని ఒకడంటే, "పోయినందుకు బాధపడతన్నాడే, ఈడే కదా పంపించినాడు" అని అప్ప సొంతంగా బాగుచేసుకునేది. కొన్ని వారాలకు నా అనువాదం అక్కర్లేకుండానే ఎవడు ఎవణ్ని చంపబోతున్నాడో నాకంటే ముందే పసిగట్టేది. పక్కింటావిడను పాతరేసిన తోటలో గులాబీలు బాగా పూస్తాయి. వంటమనిషి ఆరుగురు యజమానుల్ని పంపేసి ఏడో ఇంట్లో నమస్కారం పెడుతుంది. ఎవరూ గొంతు పెంచరు, కప్పు సాసరు మీద చప్పుడు చెయ్యదు. అప్ప కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వేది. ఒకసారి "ఈయన మొన్న సచ్చిపోనాడు గదేటి?" అని అడిగింది. అది వేరే కథ అన్నాను. తెర వంక చూస్తూనే, "ఎంత బాగుందే. దెబ్బ తిన్నోడు మళ్లీ వారం కొత్త సొక్కా ఏసుకుని వచ్చీసినాడు" అంది. ఆ కథల ఆకర్షణేమిటో నేను చదివిన పుస్తకాలేవీ అంత సూటిగా చెప్పలేదు.

ఒక శనివారం ప్లాంటులో ఏదో యంత్రం ఆగిపోయి రెండో షిఫ్టు వాళ్లలో సగం మందిని వెనక్కి పంపేశారు. బావ వచ్చేసరికి కింద తాళం. పైనుంచి నవ్వులు. తలుపు గడియ పెట్టలేదు. లోపలికి వస్తూనే, కుర్చీలోంచి లేవబోతున్న రేడియో ఆఫీసరు ముఖం మీద పిడికిలితో కొట్టాడు. ఆయన టీపాయ్ మీద పడ్డాడు. పడినవాణ్ని బూటుకాలితో రెండుసార్లు దవడ మీద తన్నాడు. ఏదో విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. టీవీలో ఆ కనపడని జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. బావ ఆ కేసెట్లు ఆడించే వీసీఆర్ ఊడబెరికి పిట్టగోడ మీంచి వీధిలోకి విసిరాడు. తర్వాత అప్ప జుట్టు చేతికి చుట్టుకుని మెట్ల మీంచి కిందకి ఈడ్చాడు. ప్రతి మెట్టుకూ ఆవిడ వీపు తగిలిన చప్పుడు. నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగితే చిరిగి నా చేతిలోకి వచ్చింది.

కింద పెరట్లో ఆవిణ్ని వదిలి నా వైపు తిరిగాడు. నా గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు. ఊపిరి ఆడక కళ్లు మసకబారుతున్నాయి. ఆయన భుజం మీంచి అప్ప లేవడం కనిపించింది. రోటి పక్కనున్న రోకలి తీసుకుంది. చివర ఇనప పొన్ను తొడిగిన పెద్ద రోకలి. అరవలేదు. రెండు చేతులా పట్టుకుని, పసుపు కొమ్ములు దంచేటంత నిదానంగా, ఆయన మోకాలి మీద వేసింది. బావ పక్కకు కూలిపోయాడు. లేవబోతే మోచేతి మీద వేసింది. మళ్లీ మోకాలి మీదే వేసింది, ఇంకోసారి, ఇంకోసారి. ఎముక తెల్లగా బయటపడింది. నాలుగోదో ఐదోదో వేసేటప్పుడు నేనే వెళ్లి పట్టుకున్నాను.

"కూకో. లెగవకు" అంది అప్ప ఆయనతో.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన మూలుగుతున్నాడు. ఆ కథల్లో అయితే దెబ్బ పడగానే సంగీతం వచ్చి పేర్లు పడతాయి. మా పెరట్లో దెబ్బ పడ్డాక టైము మూడున్నరే అయింది. నెత్తురు కడగాలి, పైన మనిషి దవడ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు, ఆటో పిలవాలి, పోలీసులొస్తే ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు.

పోలీసులు రానేలేదు. ఎలా తగిలిందని ఆస్పత్రిలో అడిగితే బావ, పెళ్లాం చేత దెబ్బలు తిన్నానని చెప్పుకోలేక, కళ్లు మూసుకుని "మెట్ల మీంచి జారి పడిపోనాను" అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అప్ప అది విని నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు విని నాకే భయమేసింది.

ఆ వారంలోనే నేను తగరపువలస బడికి బదిలీ పెట్టుకున్నాను, ఇద్దరం అక్కడ రెండు గదులు తీసుకున్నాం. రేడియో ఆఫీసరుకు దవడ తీగెలతో కట్టారు. రెండు నెలలు గొట్టంతో జావ తాగి, సామాను లారీకెక్కించుకుని తన ఊరు వెళ్లిపోయాడు. క్షమించమని అడగడానికి వెళ్తే కాగితం మీద రాసి చూపించాడు: 'తప్పు నాది కాదు, మీదీ కాదు.' బావ ఒకే ఒకసారి తగరపువలస వచ్చాడు, తమ్ముణ్ని వెంటబెట్టుకుని, కుంటుకుంటూ. తలుపు చెక్క చీలేదాకా తన్నించాడు. అప్ప తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఏమీ లేదు. బావ చెయ్యి దానంతటదే తన మోకాలి మీదకు వెళ్లింది. తమ్ముడి భుజం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

వాళ్లు సందు దాటాక అప్ప గడప మీదే కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు. "ఒక మాట సెప్తాను, ఎవరికీ సెప్పకు" అంది. "ఆ రోజు ఆడి మోకాలి మీద ఏసినాను గదా. మొదటి దెబ్బ బయ్యంతో ఏసినాను. మిగతావి బాగున్నాయని ఏసినాను. నువ్వు పట్టుకోకపోతే ఆపీదాన్ని కాదే." ఆవిడ తల నా ఒళ్లో పెట్టుకున్నాను, అంతే. ఇన్నేళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం అప్పే "రాసీ, ఇంక నాకేటి బయ్యం" అంది కాబట్టి రాస్తున్నాను.

బావ ఏడాది కిందట పోయాడు. కబురు తెచ్చినవాడికి అప్ప కాఫీ ఇచ్చి పంపింది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆయనతో ఉన్నది పన్నెండేళ్లు, ఆయన లేకుండా ఉన్నది ఇరవై ఎనిమిదేళ్లు. "ఏది ఎక్కువే?" అని అడిగింది. ఇరవై ఎనిమిదే కదా అన్నాను. లెక్కపెట్టిన వేళ్లు ముడిచి, "ఇంకా సమానం కాలేదే" అంది. గడియారం అందరికీ ఒకేలా తిరుగుతుందని నేను బడిపిల్లలకు చెప్పిన పాఠం తప్పని నాకు అప్పుడు తెలిసింది.