చెరువు నీళ్లు తాగిన ట్రాక్టర్, మా బావ

నా రాత కోడి గీకినట్టుంటది, తప్పులు కూడా ఉంటయి. మన్నించి చదువుండ్రి.

మొన్న సోమవారం మా బావ, అంటే మా అక్క పెనిమిటి, శామీర్‌పేటల కాలం చేసిండు. ఏడాది సంది ఊపిరాడక పరేషాన్ అయిన మనిషి. పొద్దున ఎండల కుర్చీ మీద కూసొని, అట్లనే కండ్లు మూసిండు. ఏడ్చినం. కానీ ఆఖరుకు బాధ లేకుండ పోయిండని అందరికీ నిమ్మళంగ ఉంది.

బావకు, నాకు పొత్తుల ఒక పాత ట్రాక్టర్ ఉండేది. అలియాబాద్ దాకా పోయి దున్నేటోళ్లం. రెండిండ్ల బువ్వ దాని మీదనే. నేను ఎక్కువ మాట్లాడ. నా వంతు మాటలు కూడా బావనే మాట్లాడేటోడు. కొత్తగ బండి కొన్నోళ్లకు, "ముందు ఆయిల్ పుల్ల బిగించు, తర్వాత పసుపు పెట్టు" అని చెప్పేటోడు. దానికో కారణముంది.

తొంభైలల్ల ఒక దసరా. పూజకు ముందు బండిని కడగనీకి చెరువు ఒడ్డుకు దించినం. బావ ఆయిల్ చూసే పుల్ల పీకి, మళ్ల పెట్టుడు మరిచిండు. ఇద్దరం ఇంజన్ మీద బకెట్లకొద్ది నీళ్లు గుమ్మరించినం. బంతిపూల దండేసి ఊరంత తిప్పినం. ఇంటికొచ్చి చూస్తే లోపలి ఆయిల్ తెల్లగ, చిలికిన సల్ల లెక్క ఉంది.

"పండుగ పూట దానికి సల్ల తాపినవా?" అంది అక్క.

"నేను కాదు, నీ తమ్ముడు తాపిండు," అన్నడు బావ.

తెల్లారి జీడిమెట్ల నుంచి ఇంజన్ కడిగే మందు తెచ్చినం. ఆయిల్ల పోసి నడిపిస్తే మురికంత కరుగుతదన్నరు. పోసినం. జరసేపటికి ఆయిల్ మీటర్ ముల్లు కిందికి పడ్డది. చూసేటోళ్లు "ఇంకింత నడువనీయి" అన్నరు. బావ ఇనలే, టక్కున బందు పెట్టిండు.

"ఆయిల్ అందుతలేదు బామ్మర్దీ. బేరింగులు పోతే మన రెండిండ్లు కూసుంటయి."

మేడ్చల్ మేస్త్రి వచ్చి కింద ఆయిల్ చట్టి ఇప్పిండు. మందుకు పాత మడ్డంత ఊడి, ఆయిల్ గుంజే జాలీకి అడ్డం పడ్డది. బావ మా అక్క పాత చీర చింపి, డీజిల్ల ముంచి, అంతా తనే తుడిచిండు. మేస్త్రి బేరింగులు తీసి వెలుగుకు పట్టిండు. మేము దగ్గరికి జరిగినం.

"బతికినవ్ అన్నా. ఒక్క గీత లేదు."

కొత్త ఆయిల్ పోసి చాలు చేస్తే ముల్లు పైకి లేసింది. బావ దిగి పెద్ద టైరుకు ఒరిగి కూసున్నడు. నవ్వుతనే ఉన్నడు. మోచేతుల దాకా నలుపు. అక్క చాయ్ గిలాస తెచ్చి, నలుగురు చూస్తున్నరని కూడా సిగ్గుపడకుండ, తానే ఆయన నోటికి పట్టి తాపింది.

బావతోని మీకు ఏదన్న ముచ్చట యాదికుంటే రాయుండ్రి. చదివి ఇనిపిస్తనని అక్కకు చెప్పిన. పోస్టాయన వచ్చే యాళ్లకు గడపల కూసుంటాంది. జర జల్ది జవాబియ్యుండ్రి.