చెల్లి జాకెట్టు చేతి కొలత

మా చెల్లి ఆరో నెలలో ఉన్నప్పుడు నేను కడుపులో బిడ్డను పోషించే మాయ గురించి చదువుతున్నాను. యూసుఫ్‌గూడలో మా ఇంటి దగ్గరి గ్రంథాలయంలో దొరికిన లావు వైద్య పుస్తకం అది. పదో తరగతితో చదువు ఆగినదాన్ని, ఒక్కో పేజీకి రెండు రోజులు పట్టేది. ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఒంట్లో తయారవదట, తిండిలోంచే రావాలట. మాయ అందులో కొంత సెరటోనిన్‌గా మార్చి బిడ్డ మెదడు ఎదుగుదలకు అందిస్తుందట. ఇంకొంత విరగ్గొట్టి, తల్లి ఒళ్లు బిడ్డను పరాయిదనుకుని తరమకుండా చూస్తుందట. అది అర్థమైన రోజు సంబరంతో నాకు అన్నం సయించలేదు.

ట్రిప్టోఫాన్ ఉంటుందని గుడ్లు, పల్లీలు పట్టుకుని చెల్లి వెంటపడ్డాను.

"నీ పాఠాలు వినలేక లోపలున్నది తంతోంది అక్కా," అనేది.

చెల్లి భర్త షూటింగులతో ఊళ్లు తిరిగేవాడు. చెల్లి నా దగ్గరే ఉండేది. అప్పుడు ఇద్దరం జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లాలో సినిమా పెళ్లి సీనుకు వెళ్తున్నాం. నేను కాస్ట్యూమ్స్‌లో దర్జీని, తను జూనియర్ ఆర్టిస్టు. పీటల వెనక కూర్చునే చుట్టం వేషం. కంటిన్యుటీ తప్పకూడదు కాబట్టి మొదటి రోజు జాకెట్టే సీను అయ్యేదాకా వేసుకోవాలి.

రెండో వారంలో చెల్లి చెయ్యి చాపింది.

"జాకెట్టు చెయ్యి బిగుస్తోంది అక్కా. ఉంగరం కూడా రావట్లేదు. పొద్దున్నుంచి ఒకటే తలనొప్పి."

"గుడ్లు ఒంటబడుతున్నాయిలే," అన్నాను.

టేపు పెట్టి కొలిచి, పక్క కుట్లు విప్పి అరంగుళం వదిలాను. నాలుగు రోజులకు ఇంకో అరంగుళం.

మర్నాడు సీను మధ్యలో, "లైట్లు రెండేసి కనిపిస్తున్నాయక్కా," అని నా మీదకు ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ పెరిగి ప్రాణం మీదికొచ్చింది. చెల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

"చేతులు గింత వాచినయి, ఇంట్ల ఎవ్వరు చూస్తలేరా? జర ముందు తీస్కరావాలె గద," అంది నర్సు.

మంచం మీద నుంచి చెల్లే అంది, "మా అక్క రోజూ చూసుకుంటూనే ఉందండీ."

ఆ లావు పుస్తకంలో గర్భిణుల ఒంటి వాపు, బీపీ గురించి మాయ కంటే ముందే ఒక అధ్యాయం ఉంది. అందరికీ తెలిసిన సంగతేలెమ్మని, చదవకుండా పేజీలు తిప్పేశాను. నా కొలతల నోటుబుక్కులో మాత్రం చెల్లి చేతి కొలత రెండుసార్లు కొట్టేసి, పెంచి రాసి ఉంది. తేదీలతో సహా అంతా నా దస్తూరీయే.